ఆరు బస్తాల కిరాయి

మొన్న ఆదివారం మా తమ్ముడు శ్రీనివాస్ నాలుగు కాగితాలు చుట్టగా చుట్టి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మెదక్‌లో వాడి ఇంటికీ మా ఇంటికీ మధ్య పది నిమిషాల నడక. అయినా వాడు ఆదివారం మధ్యాహ్నం వచ్చాడంటే మటన్ కోసమైనా అయి ఉండాలి, సలహా కోసమైనా అయి ఉండాలి. మటన్ అప్పటికే అయిపోయింది కాబట్టి సలహాకే సిద్ధపడ్డాను. వాడి కూతురు జార్జియా దేశంలో డాక్టరు చదువుతున్నది. హాస్టలు తిండి పడక ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి బయట ఇల్లు చూసుకుంది. ఆ ఇంటి అగ్రిమెంటే ఈ కాగితాలు. ఆ దేశానికి సొంత డబ్బు ఉన్నా, కిరాయి మాత్రం అమెరికా డాలర్లలో రాశాడట ఇంటి యజమాని.

"గిదేం లెక్క అన్నా? ఇల్లేమో జార్జియాల, పైసలేమో మన రూపాయలు, నడుమ అమెరికోడు ఎందుకొచ్చిండు?" అన్నాడు తమ్ముడు. "సంతకం పెట్టుమనాల్నా, వద్దనాల్నా? నువ్వు బయటి దేశంల కిరాయికున్నోనివి, నీకైతే ఎరుకుంటదని వచ్చిన."

వంటింట్లోంచి నా భార్య సుజాత నవ్వు వినబడింది. చేతిలో గిన్నె కింద పెట్టి మరీ నవ్వింది. "మీ అన్ననే అడుగు శ్రీనూ," అన్నది. "ఆయన ఏం చెప్తడో మంచిగ విను. విని దానికి ఉల్టా చెయ్యి."

ఇన్నేళ్ళ సంసారంలో నా పరువు తీయడానికి ఆమె దగ్గర మూడు నాలుగు సంగతులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. వాటిలో మొదటిది కిరాయి. ఆ కథ శ్రీనివాస్‌కు సగమే తెలుసు. మిగతా సగం సుజాతకు తప్ప మా ఇంట్లో నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత గొప్పది కాదు కాబట్టి చెప్పలేదు.

నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. పటాన్‌చెరు వైపు ఒక ప్లాస్టిక్ కార్ఖానాలో సూపర్‌వైజరుగా ఉండేవాడిని. అది మూతబడింది. అక్కడ నాతో పనిచేసిన ఒక పెద్దమనిషి ఆఫ్రికాలోని ఘనా దేశానికి పోయి, రాజధాని అక్రాలో బకెట్లూ మగ్గులూ చేసే ఫ్యాక్టరీలో కుదిరి, నన్ను కూడా రమ్మన్నాడు. మా అమ్మ ఏడుపాయలకు పోయి, నాకు వీసా రాకుండా చూడమని వనదుర్గమ్మకు కోడిని మొక్కుకుంది. వీసా వారంలో వచ్చింది. కోడి బతికిపోయింది. అమ్మ మాత్రం అమ్మవారి మీద అలిగి ఆ తర్వాత రెండు జాతరలకు పోలేదు.

పోయే ముందు నెలలోనే నా పెళ్ళి చేశారు. టేక్మాల్ పిల్ల. మా మామ మాట తక్కువ మనిషి. పెళ్ళిలో దేనికీ పేచీ పెట్టలేదు. నేను బయలుదేరే రోజు బస్సు దగ్గరకు వచ్చి ఒకే ఒక్క మాట అన్నాడు. "అల్లుడుగారూ, మా పిల్ల పరాయోళ్ళ ముంగట నుంచి చెంబు పట్టుకొని పోయేది కాదు. లోపట్నే బాత్రూం ఉన్న ఇల్లు దొరికినంకనే ఫోన్ చెయ్యుండ్రి, పంపిస్త. అసొంటి ఇల్లు లేదంటే పిల్ల ఈడ్నే ఉంటది." ఆ విధంగా నా సంసారమంతా ఒక బాత్రూం మీద ఆధారపడింది.

అక్రాలో మామూలు ఇళ్ళకు కొదవ లేదు. నడుమ పెద్ద వాకిలి, నాలుగు వైపులా గదులు, అందరికీ కలిపి ఒక నల్లా, వెనుక మూలన రెండు పాయఖానాలు. కిరాయి ఆ దేశం డబ్బులో, సీడీల్లో. నా జీతం కూడా సీడీల్లోనే. కాని లోపలే బాత్రూం అనేసరికి బ్రోకర్లు గొంతు సవరించుకుని డాలర్లలో మాట్లాడేవారు. రెండు నెలలు తిరిగాక ఆంటీ అఫువా ఇల్లు దొరికింది. అదీ వాకిలి ఇల్లే, ఏడు కుటుంబాల కాపురం. కాకపోతే తూర్పు మూలన రెండు గదుల భాగానికి ఆమె విడిగా బాత్రూం కట్టించి, తెల్ల టైల్స్ వేయించి, ఒక అద్దం కూడా బిగించింది. మిగతా ఆరు కుటుంబాలకు కిరాయి సీడీల్లో. టైల్స్ ఉన్న భాగానికి మాత్రం నెలకు యాభై డాలర్లు, మూడు నెలలది ఒకేసారి ఇవ్వాలి. డాలర్లు తేలేకపోతే ఆనాటి రేటు కట్టి సీడీలు ఇవ్వాలి. నేను సంతకం పెట్టి, నేరుగా ఫోన్ బూత్‌కు పోయి, మా మామకు టైల్స్ రంగుతో సహా చెప్పాను. సుజాత పాస్‌పోర్టు పని మొదలైంది.

ఆంటీ అఫువా అరవై దాటిన మనిషి. ఒకప్పుడు పెద్ద బజారులో బట్టలమ్మి ఆ ఇల్లు కట్టింది. భారీ మనిషి, నడక నిదానం, చూపు మాత్రం చురుకు. ఆమె మాట్లాడింది ఇంగ్లీషే. కాని ఆ ధోరణి, ఆ సాగదీత, మాట మధ్యలో అరచేయి తిప్పడం చూస్తుంటే నా చెవికి మా మెదక్ మాటలాగే వినబడేది. అందుకని ఇక్కడ అట్లాగే రాస్తున్నాను, తప్పయితే ఆమె క్షమించాలి. మొదటి రోజే నన్ను నిలబెట్టి, "ఏ వారం పుట్టినవ్ రా?" అని అడిగింది. నాకు తెలియదు. డిగ్రీ చదివినవాడికి పుట్టిన వారం తెలియకపోవడం ఆమెకు చాలా వింతగా తోచింది. అమ్మకు ఫోన్ చేసి అడిగితే బుధవారం అన్నది. బుధవారం పుట్టిన మగవాడు అక్కడ క్వాకు. ఆ వాకిట్లో అప్పటికే ఇద్దరు క్వాకులు ఉండటంతో నేను బకెట్ క్వాకునయ్యాను.

పొద్దున లేస్తే ఆ వాకిట్లో మొదట వచ్చేది పామాయిల్‌లో వేగే ఎండు చేపల వాసన. దాని వెనకే పులిసిన మక్కపిండి వాసన. నాలుగు రోజులు ముక్కు మూసుకున్నాను, అయిదో రోజుకు ఆ పులుపు మా ఇంట్లో అవ్వ పొద్దున తాగే అంబలిని గుర్తు చేసింది, ఇక ముక్కు తనే సర్దుకుంది. సాయంత్రం అయిదింటికి రోళ్ళ చప్పుడు మొదలయ్యేది. ఉడికించిన కర్రపెండలం, అరటికాయ కలిపి రోట్లో దంచి ముద్ద చేస్తారు, ఫుఫు అంటారు. ఒకరు పోటు వేస్తుంటే ఇంకొకరు రోట్లో చేయి పెట్టి ముద్ద తిప్పుతారు. వేళ్ళు నలగకుండా వాళ్ళు ఎట్లా తిప్పుతారో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. ఆంటీ మాత్రం ఒక పీట మీద కూర్చుని, ఎవరి ఇంట్లో ఏ కూరో వాసనతోనే చెప్పేసి, ఎవరు బాకీ ఉన్నారో కూడా అదే ఊపులో చెప్పేసేది.

నా కష్టం కిరాయి రోజున వచ్చేది. జీతం సంచీ పట్టుకుని డబ్బు మార్చే కొట్టుకు పోతే, గుమ్మం దగ్గర నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆనాటి రేటు రాసి ఉండేది. కిందటిసారి అంకె ఎప్పుడూ ఉండేది కాదు. నా జీతం పెరగకుండానే నా కిరాయి పెరిగేది. ఫ్యాక్టరీలో నేను అవే బకెట్లు చేస్తున్నాను, ఆంటీ ఇంట్లో అదే అద్దంలో గడ్డం గీసుకుంటున్నాను, అయినా ప్రతిసారీ నా జేబు ఇంకొంచెం తేలిక. "ఆంటీ, ఇది మీ దేశం, మీ పైసలు. డాలర్లు ఎందుకు?" అని ఒకసారి అడిగాను. ఆమె తన సంచీలోంచి సీడీల కట్ట తీసి చూపించింది. "గీ కట్టతోని బట్టలమ్మే కాలంల గుమ్మం తలుపు కొన్న. ఇప్పుడు దీంతోని గొళ్ళెం గుడ రాదు. నా ముసలితనం దీంట్ల దాచుకొమ్మంటవా?" అన్నది. 

జవాబు లేనప్పుడు ఊరుకోవడం మా వంశంలో లేదు. మా ఇంటికి ఘనపురం కాలువ కింద మూడెకరాల పొలం ఉండేది. మేము మెదక్‌లో ఉండి దాన్ని మల్లయ్య అనే రైతుకు కౌలుకిచ్చేవాళ్ళం. ఎకరానికి ఇన్ని బస్తాల వడ్లని మాట. రూపాయల ఊసే లేదు. బజారులో ధర పెరగనీ తగ్గనీ, బస్తా బస్తాయే. కోతలయ్యాక బండి మా ఇంటి ముందు ఆగేది. మా అవ్వ కొంగు నడుముకు చుట్టి వచ్చి, ప్రతి బస్తాలో మోచేతి దాకా చేయి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీసేది. ఒక గింజ ముందు పళ్ళ మధ్య పెట్టి కొరికి, ఆ చప్పుడును బట్టి తేమ చెప్పేది. ఆమెకు ఉన్నవే నాలుగు పళ్ళు, వాటిని ఈ పని కోసమే దాచుకున్నదని బాపు అనేవాడు. గదినిండా కొత్త వడ్ల వాసన, గోనెసంచుల వాసన, అవ్వ చుట్ట వాసన. లోకంలో ఇంతకంటే న్యాయమైన లెక్క లేదని నేను అప్పుడు గట్టిగా నమ్మేవాడిని, ఎందుకంటే బస్తాలు మా గదిలోకి వచ్చేవి తప్ప మా గదిలోంచి పోయేవి కావు.

సుజాతకు వీసా వచ్చిందని తెలిసిన వారమే ఆంటీ ముందు కూర్చున్నాను. "ఆంటీ, మీకు సీడీలు వద్దు, నాకు డాలర్లు దొరకవు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కిరాయి బియ్యంలో రాసుకుందాం. మూడు నెలలకు ఆరు బస్తాలు," అన్నాను. ఆనాటి ధరకు ఆరు బస్తాలు సరిగ్గా నూటయాభై డాలర్లు. ఆంటీ పీట నా దగ్గరికి జరుపుకుంది. "బియ్యమా?" అన్నది. "బియ్యమే." "ఖరారుగనా?" "ఖరారే ఆంటీ." "నువ్వు ఇంటికి పోయి తిని, పడుకొని, పొద్దుగాల మళ్ళ చెప్పు," అన్నది. పొద్దున కూడా అదే చెప్పాను. అంత మంచి మనిషిని నా తెలివితో కొట్టేశానే అని మనసులో కొంచెం జాలి కూడా పడ్డాను.

ఆమె తమ్ముడు చర్చిలో గుమాస్తా. అతను టైపు మిషన్ మీద కొత్త అగ్రిమెంటు కొట్టుకొచ్చాడు. యాభై కిలోల బస్తాలు, సువాసన బియ్యం, నూక ఉండకూడదు, సంచీ కుట్టు విప్పి ఉండకూడదు. అన్నీ ఆంటీ చెప్పినవే. చివర ఒక షరతు ఆమె తనే కలిపించింది. "బియ్యం కిరాయి నీ ఊరి పద్ధతి అంటున్నవ్. నాకు ఆ పద్ధతి ఎరుకలేదు. రేపు ఏమన్న పంచాయితీ వస్తే నీ ఊరి పద్ధతి ఎట్లుంటే గట్లనే చేద్దాం, రాసుకో తమ్మీ," అన్నది. అతను రాశాడు. నేను గర్వంగా సంతకం పెట్టాను. బాపుకు ఫోన్ చేస్తే ఆయన ఎంత మురిసిపోయాడంటే, మర్నాడు మెదక్ బజారులో టీ తాగిన ప్రతివాడికీ ఆఫ్రికాలో మన కౌలు లెక్క పెట్టించిండు మావోడు అని చెప్పాడట.

నేను అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒక్కటే. బియ్యం ఎక్కడి నుంచి వస్తుంది? మెదక్‌లో పుట్టినవాడు ఈ ప్రశ్న అడగడు. బియ్యం ఊరి బయట పండుతుంది, బండి మీద వస్తుంది, అంతే కదా. సుజాత వచ్చిన నాలుగో రోజు బజారుకు తీసుకుపోయాను. ఆమె ఒక బస్తా దగ్గర వంగి, సంచీ మీద అచ్చు వేసింది చదివింది. "ఇగో, ఇది థాయిలాండ్ నుంచి వచ్చిందట," అన్నది. ఇంకో బస్తా చూసింది. "ఇది వియత్నాం." దుకాణందారును అడిగితే, మేము తినే మంచి బియ్యమంతా ఓడల్లోనే వస్తుందనీ, షావుకార్లు దాన్ని డాలర్లు పెట్టి కొంటారనీ మామూలుగా చెప్పాడు. సుజాత నా వైపు చూసింది. పెళ్ళయ్యాక మేము కలిసి ఉన్నది అప్పటికి నెలా నాలుగు రోజులు. ఆ చూపు మాత్రం ముప్ఫై ఏళ్ళ సంసారం చూసినట్టు ఉంది. డాలర్ల నుంచి తప్పించుకోవడానికి నేను డాలర్లనే బస్తాల్లో కుట్టించుకున్నాను.

మొదటి రెండుసార్లు ఎట్లాగో గడిచింది. బస్తాలు తోపుడు బండి మీద వేయించి, వాకిట్లోకి నెట్టుకుంటూ వచ్చేవాడిని. మిగతా ఆరు కుటుంబాలూ తలుపుల దగ్గర నిలబడి చూసేవి. ఆంటీ లేచి వచ్చి, కుట్టు తనే విప్పి, ప్రతి బస్తాలో మోచేతి దాకా చేయి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు తీసి, ఒక గింజ కొరికేది. మా అవ్వను సముద్రాలు దాటించి ఇక్కడ కూర్చోబెట్టినట్టే ఉండేది నాకు. ఆ బియ్యాన్ని ఆమె దాచుకోలేదు. గేటు దగ్గర ఒక బల్ల వేసి, అలసందలు కలిపి వండి, పొద్దునపూట ఆకుల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. చాలా రుచిగా ఉండేది. ఫ్యాక్టరీకి పోతూ నేనూ అక్కడే తినేవాడిని, నా కిరాయిని నేనే డబ్బిచ్చి కొనుక్కుని.

ఆ తర్వాత సీడీ విలువ ఒక్కసారిగా పడిపోయింది. నల్లబల్ల మీద పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఇంకో అంకె. అదే సమయానికి ఓడ ఆలస్యమైందని షావుకార్లు బస్తాలు లోపల పెట్టి దుకాణాలు సగం మూశారు. బియ్యం ధర డాలరు కంటే కూడా వేగంగా పెరిగిపోయింది. పాత అగ్రిమెంటే ఉండి ఉంటే నాకు ఇంత ఖర్చయ్యేది కాదు. మా ఫ్యాక్టరీ సేఠ్‌ను జీతంలో అడ్వాన్సు అడిగితే, నగదు లేదు, కావాలంటే బకెట్లు తీసుకో అన్నాడు. సుజాతకు అప్పుడు అయిదో నెల. ఇల్లు పోతే ఆమెను టేక్మాల్ పంపించడం తప్ప దారి లేదు, డాక్టరేమో అంత దూరం ప్రయాణం వద్దంటున్నాడు. కిరాయి రోజుకు నా దగ్గర చేరింది మూడు బస్తాలు. ఇంకో మూడింటికి నా దగ్గర దారి లేదు.

ఆ మూడు బస్తాల పక్కన నిలబడి, ఆంటీకి ఏం చెప్పాలా అని మనసులో మాటలు కూర్చుకుంటున్నాను. ఈసారి జర ఆగుండ్రి అని మొదలుపెట్టాలనుకున్నాను. ఆ మాట నాది కాదని, ఎక్కడో విన్నదని తోచింది. నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఒక యాసంగి పంటకు కాలువ నీళ్ళు చివరి పొలాల దాకా రాలేదు. మల్లయ్య బండి సగం ఖాళీగా వచ్చింది. అతను బండి దిగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "పటేలా, ఈసారి జర ఆగుండ్రి. పది బస్తాలు తక్కువున్నయ్," అన్నాడు. అవ్వ చుట్ట చల్లారినా మళ్ళీ వెలిగించుకోలేదు. బాపు మెత్తని మనిషి, "ఏం చేద్దాం మరి" అంటూ నా వైపు చూశాడు, ఇంట్లో డిగ్రీ చదివేది నేను కాబట్టి. నేను కాగితం తీసి చూపించి, "అనుకున్నది అనుకున్నట్టే ఇయ్యాలె మల్లయ్యా. గిట్ల ఒక్కసారి ఇడిసిపెడ్తే ప్రతిసారి ఇదే అయితది," అన్నాను. మల్లయ్య తలగుడ్డ మళ్ళీ చుట్టుకుని బండెక్కాడు. పది రోజుల్లో అతను భార్య వెండి కడియాలు అమ్మి, బజారులో మా కోసం వడ్లు కొని, తెచ్చి మా గదిలో పోశాడు. పొలంలో పండని వడ్లను కొని మరీ పొలం కిరాయి కట్టాడు. అప్పుడు నాకు అది న్యాయంగానే కనబడింది. నాకు సిగ్గు వేసింది అక్రాలో, మూడు బస్తాల పక్కన, ఆరేళ్ళు ఆలస్యంగా.

ఆంటీ వచ్చింది. బస్తాలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. చేయి మాత్రం దూర్చలేదు.

"ఇంకో మూడేవి క్వాకు?"

"లేవు ఆంటీ. జీతమంతా పెట్టినా ఇవే వచ్చాయి."

ఆమె లోపలికి పోయి అగ్రిమెంటు తెచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని చివరి షరతు మీద వేలు పెట్టింది. "పంచాయితీ వస్తే నీ ఊరి పద్ధతి అని రాసుకున్నం. చెప్పు. మీ దగ్గర పంట పోయి, కౌలు పూర తేకపోతే ఏం జేస్తరు?"

ఆమె వెక్కిరించడం లేదు. నిజంగానే అడుగుతున్నది. నేను ఏది చెబితే అది చేయడానికి సిద్ధంగా, కాగితం పట్టుకుని నిలబడింది. వెనక గుమ్మంలో సుజాత నిండుకుంటున్న కడుపుతో నిలబడి ఉంది. మా దగ్గర పెళ్ళాం కడియాలు అమ్మిస్తాం ఆంటీ అని చెప్పాలి, నిజం చెప్పాలంటే.

"మా దగ్గర పంట పోతే సగం మాఫీ చేస్తాం ఆంటీ," అన్నాను.

"సగమా?"

"సగమే. మళ్ళీ అడగం కూడా."

ఆంటీ కళ్ళద్దాలు తీసింది. నా భుజం మీద చేయి వేసి, "మీవోళ్ళు మంచోళ్ళు రా," అన్నది. ఆ మూడు బస్తాలు లోపల పెట్టించుకుని వెళ్ళిపోయింది. ఇల్లు నిలబడింది. జీవితంలో నన్ను చాలామంది తిట్టారు, కొందరు కొట్టారు కూడా, కాని ఆ ఒక్క మాట తగిలినంతగా ఏదీ తగల్లేదు.

 ఆ రాత్రి అన్నానికి కూర్చున్నప్పుడు సుజాత గిన్నె నా ముందు పెట్టి, "టేక్మాల్‌ల మా నాయిన గుడ కౌలుకు చేసిండు. మాఫీ చేసిన పటేల్‌ని నేనైతే చూడలె. మెదక్‌ల ఉన్నరని మాకు ఎరుకలేకపాయె," అన్నది. నేను అన్నం సగంలో వదిలేసి లేచాను. మర్నాడు మల్లయ్య సంగతి ఆమెకు మొత్తం చెప్పాను. ఆమె విని, "చెప్పినవు కదా, ఇగ తిను," అన్నది.

అది అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆరు నెలల తర్వాత మా పక్క గదుల్లో ఉండే టాక్సీ డ్రైవరు బండి పాడై కిరాయి కట్టలేకపోయాడు. ఆంటీ అతన్ని వాకిట్లో నిలబెట్టి, అందరూ వినేలా, "క్వాకు ఊరి పద్ధతి ప్రకారం నీకు సగం మాఫీ," అని ప్రకటించింది. తర్వాత మూలగదిలో కుట్టుపని చేసే ఆమెకు జ్వరం వస్తే ఆమెకూ సగం. మేము ఆ ఇంట్లో ఉన్న నాలుగేళ్ళలో ఆ వాకిట్లో అది చట్టమైపోయింది. మెదక్ నోరు తిరగక మెడాక్ చట్టం అనేవారు. కిరాయి తగ్గిన ప్రతివాడూ వచ్చి నా చేయి పట్టుకుని ఊపి, మీ ఊరు చాలా గొప్పదయ్యా అనేవాడు. మెదక్‌లో ఎవరూ ఎన్నడూ చూడని మెదక్ పద్ధతి ఒకటి అక్రాలో ఏడు కుటుంబాలు కాపాడుకుంటూ వచ్చాయి. మా పెద్దమ్మాయి ఆ తెల్ల టైల్స్ మీదే పాకడం నేర్చుకుంది.

శ్రీనివాస్‌కు మొన్న ఇదంతా చెప్పాను, దాచిన సగంతో సహా. వాడు మధ్యలో రెండుసార్లు ఫోన్ చూసుకున్నాడు కాని చివరికి వచ్చేసరికి ఫోన్ బోర్లించి పెట్టాడు. ఇప్పుడు అంతా వేరే. డాలరు రేటు వాడి ఫోన్‌లోనే నిమిషానికోసారి మారుతుంటుంది. కిరాయి మెదక్‌లో నొక్కితే జార్జియాలో పడుతుంది. ఆ పిల్ల ఇంటి యజమాని ముఖం కూడా చూడలేదట, తాళంచెవి ఎవరో ఏజెంటు ఇచ్చాడట. నాలుగు పేజీల్లో ఇరవై షరతులున్నాయి, ఆలస్యమైతే ఎంత జరిమానా అన్నది ఉంది, పంట పోతే ఏమిటన్నది లేదు. మా దగ్గర కౌలు కూడా ఇప్పుడు నగదే, దుక్కి దున్నకముందే చేతిలో పెట్టాలి, బస్తాలో చేయి దూర్చే అవ్వ లేదు. ఆ రోజులే బాగుండేవని అనడానికి నాకు నోరు రాదు. మనుషులు ఎదురుగా నిలబడి అడిగిన రోజుల్లోనే కదా నేను కాగితం తీసి చూపించింది.

"అయితే సంతకం పెట్టుమంటవా?" అన్నాడు తమ్ముడు.

"పెట్టుమను. డాలర్లే రాయనీ. బియ్యం మాత్రం రాయొద్దను."

వాడు కాగితాలు చుట్టుకుని లేచాడు. చెప్పులేసుకుంటూ, "మల్లయ్య ఇంకా ఉన్నడు, ఎరుకేనా? నర్సాపూర్ బస్టాండ్ కాడ బిడ్డ హోటల్ల కూసుంటడు," అన్నాడు. నాకు ఎరుకే. నేను తిరిగి వచ్చేసరికి అతను మా పొలం వదిలేసి అక్కడికి పోయాడు. హైదరాబాద్ పోయే ప్రతి బస్సూ ఆ హోటల్ ముందే ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ నేను రెండో వైపు కిటికీలోంచి అడవి అందాలు చూస్తుంటాను.

మంగళవారం బస్సు ఎక్కి నర్సాపూర్‌లో దిగాను. మల్లయ్య హోటల్ ముందు కుర్చీలో, కోతులను తోలే కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎనభైకి దగ్గర పడ్డాడు, చూపు మాత్రం పోలేదు. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"దిగినవా పటేలా?" అన్నాడు. "ఇన్నేండ్ల సంది బస్సుల మొఖం అటే తిప్పుకొని పోతున్నవ్, మెడ గిట్ల పట్టుకున్నదేమో అనుకున్న."

అతని కూతురు టీ తెచ్చింది. కథ మొత్తం అతనికి చెప్పాను. డాలర్లు, బియ్యం, ఓడ, మూడు బస్తాలు, నా అబద్ధం, అక్కడ నడిచిన చట్టం. చెప్పి, "నేను చేసింది తప్పు మల్లయ్యా. ఆ రోజు బాపు ఇడిసిపెట్టేటోడే. నేనే పెట్టనియ్యలె," అన్నాను. పది బస్తాల వడ్లకు ఇప్పటి ధర కట్టి తెచ్చిన కవరు అతని చేతిలో పెట్టాను. అతను వద్దనలేదు, లెక్కపెట్టనూ లేదు. "ఇంటిదానికిస్త. కడియాలు అది ఇంకా మర్వలే," అంటూ చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.  తర్వాత అతనికి నవ్వు మొదలైంది. దగ్గు వచ్చేదాకా నవ్వి, కళ్ళు తుడుచుకుని, నా వైపు వంగి అడిగాడు.

"గట్లయితే పటేలా, గా ఆంటీని జర అడిగి చూడు. ఆమె కాడ నాకేమన్న భూమి కౌలుకు దొరుకుతదేమో."